మొదటి అంచెలోనే ఖర్చయిపోవద్దు

ఈత, సైకిల్, పరుగు. ఈ మూడింటినీ ఒకదాని వెంట ఒకటి, గడియారం ఆగకుండా పూర్తి చేస్తే ట్రయథ్లాన్. నిన్నమొన్నటిదాకా మనకిది టీవీలో చూసే ముచ్చట. 2019 అక్టోబరులో గోవాలో ఐరన్‌మ్యాన్ 70.3 మొదలయ్యాక, మన దగ్గరి కుర్రకారుకూ దాని మీద గురి కుదిరింది. బొల్లారంలో గది తీసుకుని, పగలు కంపెనీలో అప్రెంటిస్‌గా చేస్తూ, రాత్రి నోటిఫికేషన్లకు చదువుకునే మీలో కొందరు 'మనమూ ఒకసారి చూద్దామా' అని అనుకుంటూ ఉండొచ్చు. తప్పకుండా చూడండి. కానీ పేరు నమోదు చేసేముందు ఒక పాత కథ వినండి.

1978 ఫిబ్రవరిలో హవాయి దీవుల్లో తొలి ఐరన్‌మ్యాన్ పోటీ జరిగింది. 15 మంది బయలుదేరితే 12 మంది పూర్తి చేశారు. అమెరికా నౌకాదళ కమాండో జాన్ డన్‌బార్ సైకిల్ అంచె ముగిసి పరుగు మొదలయ్యేసరికి అందరికంటే ముందున్నాడు. పరుగు మధ్యలో అతని దగ్గర తాగునీళ్లు అయిపోయాయి. వెంట ఉన్న సహాయకులు నీళ్లు దొరక్క బీరు ఇచ్చారు. వెనక నుంచి వచ్చిన గోర్డాన్ హాలర్ అతన్ని దాటేసి, 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో ముగించి విజేత అయ్యాడు. రెండు అంచెలు ముగిసేసరికి ముందున్నవాడు మూడో అంచెలో చేజార్చుకున్నాడు.

తొలిసారి బరిలో దిగేవాళ్లకు చెప్పాల్సింది ఈ ఒక్క కథలోనే ఉంది. ఒంట్లో ఉన్న శక్తి జీతం లాంటిది. ఒకటో తారీఖున చేతికొచ్చింది ఐదో తారీఖుకే ఊదేస్తే, నెలాఖరున అప్పుల వేట తప్పదు. ట్రయథ్లాన్‌లో అప్పిచ్చేవాళ్లు కూడా ఉండరు. కాబట్టి మొదటి పోటీకి మీ వ్యూహం మొత్తం ఒకే ప్రశ్న చుట్టూ తిరగాలి: ఉన్నదాన్ని మూడు అంచెలకు ఎలా పంచాలి?

ముందు కాగితం మీద పరిగెత్తండి

మొదటిసారికి గోవా పోటీ జోలికి పోవద్దు. అక్కడ ఈత 1.9 కిలోమీటర్లు, సైకిల్ 90, పరుగు 21.1. పూర్తి ఐరన్‌మ్యాన్ దీనికి రెట్టింపు. ఒలింపిక్స్‌లో ఉండే దూరం 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. అదీ ఇప్పుడే వద్దు. మీకు తగింది 'స్ప్రింట్': 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. పేరులో స్ప్రింట్ ఉందని మోసపోకండి. వంద మీటర్ల పందెంలా దూకేది కాదు, కొత్తవాళ్లకు రెండు గంటల పని అది.

లెక్క చూద్దాం. కొలనులో వంద మీటర్లకు మీకు 3 నిమిషాలు పడుతుందనుకుందాం. 750 మీటర్లకు 22 నిమిషాల 30 సెకన్లు. ఈత నుంచి సైకిల్‌కు మారడానికి 4 నిమిషాలు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో సైకిల్‌కు 60 నిమిషాలు. సైకిల్ నుంచి పరుగుకు మారడానికి 3 నిమిషాలు. కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున పరుగుకు 40 నిమిషాలు. మొత్తం 2 గంటల 9 నిమిషాల 30 సెకన్లు.

ఇప్పుడు ఆవేశం వచ్చి ఈత అంచెలో పది శాతం సమయం తగ్గించారనుకోండి. మిగిలేది 2 నిమిషాల 15 సెకన్లు. దానికి మూల్యంగా ఒళ్లు అలిసిపోయి సైకిల్ వేగం గంటకు 20 నుంచి 18 కిలోమీటర్లకు పడిందంటే 6 నిమిషాల 40 సెకన్లు పోయినట్టే. పరుగు కిలోమీటరుకు 8 నిమిషాల నుంచి 9కి జారిందంటే మరో 5 నిమిషాలు. రెండుంబావు నిమిషాలు సంపాదించి దాదాపు పన్నెండు నిమిషాలు పోగొట్టుకోవడం ఏ లెక్కన లాభం? పరిగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్లు తాగడం మేలని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ లెక్కలో ఇంకో సంగతి ఉంది. మొత్తం సమయంలో ఈత వాటా ఆరో వంతు కంటే కాస్త ఎక్కువ. సైకిల్ వాటా సగానికి దగ్గర. అందరినీ ఎక్కువ భయపెట్టేది ఈత, ఎక్కువ సమయం తినేది సైకిల్, ఎక్కువమందిని నిలదీసేది పరుగు. మీ సొంత అంకెలతో ఇలాంటి పట్టిక ఒకటి రాసుకోండి. అదే మీ రేస్ ప్లాన్.

చెరువు కనిపిస్తే చాలదు

ఈత దగ్గర మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక చెప్పాలి. పల్లెల్లో పెరిగిన పిల్లలకు చెరువే ఈతకొలను, మోట బావే కోచింగ్ సెంటర్. కానీ బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, పటాన్‌చెరు చుట్టుపక్కల కుంటల్లో, వాగుల్లో సాధనకు దిగకండి. కారణం రహస్యమేమీ కాదు. ఇక్కడి పరిశ్రమల వ్యర్థాల మీద 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక వాడలకు మార్కులు వేసినప్పుడు పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 వచ్చింది. 70 దాటితే 'తీవ్ర కలుషిత ప్రాంతం' అని లెక్క. పరీక్షలో అయితే ఫస్ట్ క్లాసు, ఇక్కడ మాత్రం ప్రమాద ఘంటిక. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని తేల్చారు. అలాంటి నీళ్లు కలిసిన నక్కవాగు మంజీరలోకి వెళ్తుంది. ఆ తర్వాత ఎన్ని మార్పులొచ్చినా, కళ్లకు తేటగా కనిపించిందని నోట్లోకి వెళ్లే నీటిని నమ్మడానికి లేదు.

అమీన్‌పూర్ పెద్ద చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. అక్కడికి పక్షులను చూడ్డానికి వెళ్లండి, ఈతకు కాదు.

ఇది పిరికితనం అనుకునేవాళ్లు 2024 పారిస్ ఒలింపిక్స్‌ను గుర్తు చేసుకోవాలి. సెన్ నదిని శుభ్రం చేయడానికి అక్కడి ప్రభుత్వ వ్యవస్థలు సుమారు 140 కోట్ల యూరోలు ఖర్చు పెట్టాయి. అయినా నీటి నాణ్యత సరిగా లేదని పురుషుల ట్రయథ్లాన్‌ను జులై 30 నుంచి 31కి వాయిదా వేశారు. ప్రపంచంలోని మేటి క్రీడాకారులనే ఒడ్డున ఆపేసిన కారణం మనకు వర్తించదా?

కాబట్టి సాధన కొలనులోనే. గచ్చిబౌలి స్టేడియం ప్రాంగణంలో ఈతకొలను ఉంది. మీ కాలేజీలోనో, దగ్గరి టౌన్‌షిప్‌లోనో కొలను ఉందేమో కనుక్కోండి. బొల్లారం నుంచి బస్సులు మారి వెళ్లడం కష్టమే. రోజూ కాకపోయినా వారానికి రెండుసార్లు చాలు. పనిలో పనిగా ఇంకో మాట. లక్షల మంది పనిచేసే ఈ పారిశ్రామిక వాడలో, సామాన్యుడి పిల్లలకు అందుబాటు రుసుముతో ఈత నేర్పే కొలనులు ఎన్ని ఉన్నాయి? మందులు తయారు చేసి ప్రపంచానికి పంపే ఊళ్లు తమ పిల్లలు దిగడానికి శుభ్రమైన నీళ్లు అడగడం అత్యాశేమీ కాదు. పాలకులు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు చూసేవాళ్లు ఆలోచించాల్సిన విషయమిది.

ఈత: పక్కన నిలబడండి, నింపాదిగా మొదలెట్టండి

ఈ అంచెను తేలిగ్గా తీసుకోకూడదనడానికి గట్టి ఆధారమే ఉంది. అమెరికాలో 2006-2008 మధ్య జరిగిన ట్రయథ్లాన్‌లను పరిశీలించిన ఒక అధ్యయనం 2010లో 'జామా' వైద్య పత్రికలో వచ్చింది. సుమారు 9.6 లక్షల మంది పాల్గొన్న పోటీల్లో 14 ఆకస్మిక మరణాలు నమోదైతే, అందులో 13 ఈత అంచెలోనే. అంటే ముప్పు చాలా అరుదు. కానీ వచ్చిందంటే నీళ్లలోనే వస్తోంది. పరిగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టరును కలిసి ఈసీజీ తీయించుకున్నాకే నమోదు చేసుకోండి.

పోటీ రోజున మొదటి వరసలో నిలబడొద్దు. వెనక, పక్కకు జరగండి. ముందున్నవాళ్ల కాళ్లు మీ ముఖానికి తగలవు, వెనకున్నవాళ్లు మీ మీదికి ఎక్కరు. ఈల ఊదిన తర్వాత పది సెకన్లు ఆగి దిగినా నష్టం లేదు. మొదటి వంద మీటర్లు మీకే 'మరీ మెల్లగా వెళ్తున్నానా' అనిపించాలి. అలా అనిపిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు.

నిబంధనలు మీవైపే ఉన్నాయి. ఫ్రీస్టైలే కొట్టాలన్న రూలు లేదు, ఏ పద్ధతిలోనైనా ఈదొచ్చు. ఊపిరి అందకపోతే వెల్లకిలా తేలొచ్చు. నీటి మీద కట్టిన గుర్తులనో, ఆగి ఉన్న పడవనో పట్టుకుని సేదదీరొచ్చు. దాని సాయంతో ముందుకు కదలకూడదు, అంతే. చెయ్యెత్తి సాయం అడగడం సిగ్గుపడాల్సిన పని కాదు. పడవల్లో లైఫ్‌గార్డులు కూర్చున్నది మీకోసమే.

పోటీ చెరువులోనో, సముద్రంలోనో అయితే కింద గీతలుండవు. ఆరు నుంచి ఎనిమిది చేతి విసుర్లకు ఒకసారి తలెత్తి దారి చూసుకోవాలి. లేదంటే 750 మీటర్ల ఈత 900 మీటర్లు అవుతుంది. ఈ అలవాటును కొలనులోనే చేసుకోవచ్చు. ఇక ముఖ్యమైన షరతు: కొలనులో ఆగకుండా వెయ్యి మీటర్లు ఈదగలిగే దాకా ఏ పోటీకీ డబ్బు కట్టకండి.

నాలుగో ఆట: మార్పిడి

మూడు ఆటలని పేరే గానీ, మధ్యలో నాలుగోది ఒకటుంది. తడి ఒంటితో ఒడ్డెక్కి సైకిల్ అందుకోవడం, సైకిల్ పెట్టేసి పరుగందుకోవడం. దీన్నే ట్రాన్సిషన్ అంటారు. ఇక్కడ పోయే నిమిషాలకు కండబలంతో పనిలేదు, పద్ధతి ఉంటే చాలు.

నేల మీద చిన్న తువ్వాలు పరచండి. దాని మీద వాడే వరసలోనే వస్తువులు పెట్టండి. హెల్మెట్ సైకిల్ హ్యాండిల్ మీద, పట్టీలు విప్పి ఉండాలి. బూట్లు లేసులు వదులు చేసి. నంబరు కాగితం నడుముకు కట్టే బెల్టుకు. పోటీకి ముందే ఈత నుంచి వచ్చే దారిలో మీ సైకిల్ దాకా ఒకసారి నడిచి చూడండి. వందల సైకిళ్ల మధ్య మీదేదో వెతుక్కుంటూ తిరగడం, పెళ్లి మండపం బయట చెప్పులు వెతుక్కున్నట్టే ఉంటుంది.

మరిచిపోకూడని రూళ్లు మూడు. హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించాకే సైకిల్‌ను స్టాండు నుంచి తీయాలి. నేల మీద గీసిన గీత దాటాకే సైకిల్ ఎక్కాలి. తిరిగి వచ్చేటప్పుడు గీతకు ముందే దిగాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ క్రీడాకారుడు జొనాథన్ బ్రౌన్లీ గీత దాటకముందే సైకిల్ ఎక్కాడని 15 సెకన్ల శిక్ష వేశారు. పరుగు మధ్యలో ఆగి ఆ సెకన్లు నిలబడి, చివరికి కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. ఒలింపిక్ స్థాయివాడికే తొందరలో గీత కనిపించలేదు. ఓఎంఆర్ షీటులో హాల్‌టికెట్ నంబరు తప్పుగా దిద్ది మార్కులు పోగొట్టుకునేవాళ్ల సంగతి మీకు తెలియంది కాదు. రెండూ ఒకటే జబ్బు.

సైకిల్: సగం పోటీ ఇక్కడే

లక్ష రూపాయల సైకిల్ లేదని దిగులొద్దు. నిర్వాహకులు ఒప్పుకుంటే మామూలు గేర్ల సైకిలైనా చాలు. వాళ్ల నిబంధనలు ముందే చదవండి. బ్రేకులు పనిచేయాలి, చెయిన్‌కు నూనె ఉండాలి, టైరులో గాలి సరిపడా ఉండాలి, సీటు ఎత్తు కుదరాలి. పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉంటే ఎత్తు సరైనదే. పంక్చర్ వేసుకోవడం నేర్చుకోండి. పోటీలో బయటివాళ్ల సాయం తీసుకుంటే అనర్హులవుతారు. మూల మీద పంక్చర్ షాపు అన్న రాడు.

సాధన ఎక్కడ? బొల్లారం, పటాన్‌చెరు రోడ్ల మీద ట్యాంకర్లు, కంటెయినర్లు ఎలా వెళ్తాయో మీకు చెప్పక్కర్లేదు. షిఫ్టులు మారే వేళల్లో కంపెనీ బస్సులు, బైకులు తోడవుతాయి. ఆ సమయంలో ప్రధాన రోడ్డెక్కకండి. ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారి మీదికి సైకిళ్లకు ప్రవేశం లేదు. దాని పక్కనే 2023 అక్టోబరు 1న ప్రారంభించిన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ ఉంది. రెండు పాయలుగా 23 కిలోమీటర్లు. ఒక పాయ నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ వైపు, మరొకటి నార్సింగి నుంచి కొల్లూరు దాకా. కొల్లూరు మీ పటాన్‌చెరు వైపు కొస. ఎండ తగలదు, లారీ తగలదు. వారానికి ఒక్క ఆదివారం అక్కడికి వెళ్లినా పెద్ద దూరం సాధన అయిపోతుంది.

పోటీలో సైకిల్ ఎక్కగానే మొదటి పది నిమిషాలు తేలిక గేరులోనే తొక్కండి. ఈతతో ఎగిసిన గుండె వేగం కుదుటపడనివ్వండి. తర్వాత ఎంత గట్టిగా తొక్కాలో తెలుసుకోవడానికి గడియారాలు, మీటర్లు అక్కర్లేదు. పక్కనున్నవాళ్లతో ఒక చిన్న వాక్యం పూర్తిగా చెప్పగలగాలి. రెండు మాటలకే రొప్పు వస్తుంటే తగ్గించండి. పాట పాడేంత తీరిక ఉంటే కొంచెం పెంచండి. మిమ్మల్ని దాటిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. పోనివ్వండి. వాళ్లలో కొందరు పరుగులో నడుస్తూ కనిపిస్తారు.

ముందున్న సైకిల్ వెనకే అంటుకుని గాలి తగలకుండా తొక్కడాన్ని చాలా పోటీల్లో నిషేధిస్తారు. ఎంత దూరం పాటించాలో పోటీకి ముందు చెప్పే సూచనల్లో వినండి. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకూడదు. చివరి కిలోమీటరులో గేరు తేలిక చేసి కాళ్లను పరుగుకు సిద్ధం చేయండి.

పరుగు: అసలు ముసళ్ల పండుగ

సైకిల్ దిగి పరుగందుకున్న మొదటి నిమిషంలో కాళ్లు మీవి కావేమో అనిపిస్తుంది. మోకాళ్ల కింద ఇటుకలు కట్టినట్టు ఉంటుంది. అంతసేపు గుండ్రంగా తిరిగిన కాలు ఒక్కసారిగా నేలను తన్నాల్సి వస్తుంది కాబట్టి ఈ తడబాటు. అందరికీ ఉంటుంది. ఐదారు నిమిషాల్లో తగ్గిపోతుంది. ఆ సంగతి ముందే తెలియనివాళ్లు కంగారు పడి ఆగిపోతారు. కాబట్టి వారానికి ఒకసారి ముప్పావుగంట సైకిల్ తొక్కి, దిగిన వెంటనే పావుగంట పరిగెత్తండి. నాలుగు వారాలు ఇలా చేస్తే ఇటుకలు తేలికవుతాయి.

ఐదు కిలోమీటర్లనూ మూడు ముక్కలు చేయండి. మొదటి కిలోమీటరు అడుగులు చిన్నవిగా, మీరు అనుకున్న వేగం కన్నా అర నిమిషం తక్కువగా. తర్వాతి మూడు కిలోమీటర్లు ఒకే లయ. మిగిలి ఉంటే ఆఖరి కిలోమీటరులో పెట్టండి. నీళ్ల బల్లల దగ్గర నడవాలనిపిస్తే నడవండి. పది సెకన్లు నడిచి నీళ్లు సరిగా తాగినవాళ్లు, పరిగెడుతూ మీద ఒలకబోసుకున్నవాళ్ల కన్నా ముందే చేరతారు.

ఎండను తక్కువ అంచనా వేయకండి. 2016 సెప్టెంబరులో మెక్సికోలోని కొజుమెల్‌లో ప్రపంచ సిరీస్ ఆఖరి పోటీ జరిగింది. లండన్‌లో శిక్ష పడిన ఆ జొనాథన్ బ్రౌన్లీయే అందరికంటే ముందు పరిగెత్తుతున్నాడు. చివరి కిలోమీటరులో వేడికి ఒళ్లు స్వాధీనం తప్పి తూలిపోయాడు. అన్న అలిస్టెయిర్ భుజం పట్టి గీత దాకా తీసుకొచ్చాడు. పోటీ చేజారింది, ప్రపంచ టైటిల్ నాలుగు పాయింట్లలో పోయింది. తల తిరగడం, చలి వేసినట్టు ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకోవడం, ఎటు వెళ్తున్నామో తెలియకపోవడం ఎండదెబ్బ గుర్తులు. అవి కనిపిస్తే ఆగి నీడలోకి వెళ్లి వైద్య సిబ్బందిని పిలవండి. పోటీలు మళ్లీ వస్తాయి.

పొట్ట, నీళ్లు, నిద్ర

పోటీ రోజు కొత్తగా ఏదీ ప్రయత్నించొద్దు. కొత్త బూట్లు, కొత్త ఎనర్జీ డ్రింకు, హోటల్లో కొత్త టిఫిను ఏవీ వద్దు. రెండున్నర మూడు గంటల ముందు ఇడ్లీలో, అరటిపండో, అలవాటైన తేలిక తిండి ఏదైనా చాలు. నూనె పూరీ, కారం దోశ మర్నాటికి వాయిదా వేయండి. రెండు గంటల పోటీకి గంటకు 30 గ్రాములకు తగ్గకుండా పిండిపదార్థం అందితే కాళ్లు మొరాయించవు. ఒక పెద్ద అరటిపండు దాదాపు ఆ పని చేస్తుంది. సైకిల్ మీదే తినండి, పరుగులో కడుపు ఒప్పుకోదు. సీసాలో ఓఆర్‌ఎస్ కలుపుకోండి. దాహం వేసినప్పుడల్లా కొద్దికొద్దిగా తాగండి. భయపడి ఉత్త నీళ్లు లీటర్లకు లీటర్లు తాగినా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

సాధనకు పది పన్నెండు వారాలు పెట్టుకోండి. వారానికి రెండు ఈతలు, రెండు సైకిళ్లు, రెండు పరుగులు, ఒక పూర్తి విశ్రాంతి. నైట్ షిఫ్టు చేసి వచ్చిన ఉదయం కఠిన సాధన పెట్టుకోకండి, నిద్రపోండి. నిద్ర తగ్గించి చేసిన సాధన కండను కట్టదు, తెగ్గొడుతుంది. తెల్లవారుజామున గాలిలో ఘాటు వాసన వచ్చిన రోజు బయట పరుగు మానేసి గదిలోనే వ్యాయామం చేయండి. ఆఖరి వారం సాధన సగానికి తగ్గించండి. ఆ వారం కొత్తగా వచ్చే బలమేమీ లేదు, ఉన్నది పోకుండా చూసుకోవడమే.

నోటిఫికేషన్‌కూ ఇదే లెక్క

'ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఈ ఈతలు, పరుగులు ఎందుకు' అని ఇంట్లో అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ట్రయథ్లాన్ సర్టిఫికెట్ చూపిస్తే ఉద్యోగం ఇచ్చేస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి. స్పోర్ట్స్ కోటా వర్తించేదీ లేనిదీ ప్రతి నోటిఫికేషన్‌లో ఇచ్చే జాబితా చూసి తెలుసుకోవాల్సిందే. కానీ శక్తిని పంచుకోవడం వచ్చినవాళ్లకు అది చాలాచోట్ల పనికొస్తుంది.

పోలీసు ఉద్యోగాల సంగతే తీసుకోండి. 2022 తెలంగాణ నియామకాల్లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. 1600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. ఒక్కో రౌండుకు దాదాపు 1 నిమిషం 48 సెకన్లు దొరుకుతాయి. మహిళలకు రెండు రౌండ్లు, ఒక్కోదానికి 2 నిమిషాల 40 సెకన్లు. మైదానానికి వెళ్లి చూడండి. మొదటి రౌండును నిమిషం పది సెకన్లలో ఊదేసి, మూడో రౌండులో నడుము పట్టుకుని నిలబడేవాళ్లు కనిపిస్తారు. నాలుగు రౌండ్లనూ నిమిషం నలభై ఐదులో సమంగా లాగించినవాళ్లు 7 నిమిషాలకే గీత దాటతారు. కాళ్ల బలం ఇద్దరికీ ఒకటే కావచ్చు. ఒకరు లెక్క వేసుకున్నారు, ఇంకొకరు వేసుకోలేదు.

ఆ నియామకం మొత్తమూ మూడంచెల పోటీయే: ప్రిలిమినరీ రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్షలు, తుది రాతపరీక్ష. ప్రిలిమ్స్ కోసం నిద్ర మాని, పాస్ అవగానే పుస్తకం మూలన పడేసి, దేహదారుఢ్య పరీక్షలయ్యాక తిరిగి 'అ ఆ'ల నుంచి మొదలెట్టేవాళ్లు మీ స్నేహితుల్లోనే ఉంటారు. ఒక అంచెలో ఉండగా తర్వాతి అంచెకు కొంత దాచిపెట్టడం, మారే సమయం వృథా కాకుండా ముందే సర్దిపెట్టుకోవడం ఎవరూ తరగతి గదిలో నేర్పరు. తెల్లవారుజామున సైకిల్ దిగి, మొరాయించే కాళ్లతో పరుగు మొదలెట్టిన ఉదయాలు నేర్పుతాయి.

ఇంటర్వ్యూలో 'హాబీలు' అన్న గడిలో చాలామంది 'పుస్తక పఠనం, సంగీతం వినడం' అని రాస్తారు. మీరు 'ట్రయథ్లాన్' అని రాస్తే ఎదుటివాళ్లు తప్పకుండా అడుగుతారు. అప్పుడు 'పూర్తి చేశానండీ' అని ఆగిపోకండి. ఎలా పంచుకున్నారో చెప్పండి. ఈతలో ఎంత తగ్గారు, సైకిల్‌లో ఎక్కడ నిలకడగా ఉన్నారు, పరుగుకు ఎంత మిగిల్చారు. ఒక పనిని ప్లాన్ చేసి, కష్టం వచ్చినప్పుడు దాన్ని నిలబెట్టుకున్న మనిషి అక్కడ కనిపిస్తారు.

మొదటి పోటీకి లక్ష్యం ఒక్కటే: నవ్వుతూ గీత దాటడం. ఎన్నో స్థానం వచ్చిందన్నది రెండో పోటీలో చూసుకోవచ్చు. ఈ రాత్రి పడుకునేముందు ఒక తెల్లకాగితం తీసుకుని ఐదు గడులు గీయండి. ఈత, మార్పిడి, సైకిల్, మార్పిడి, పరుగు. ఒక్కో గడిలో మీకు నిజంగా పట్టే సమయం రాయండి, ఆశపడే సమయం కాదు. దాని పక్కనే మీరు సిద్ధమవుతున్న ఉద్యోగానికి ఎన్ని అంచెలుంటే అన్ని గడులు గీసి, ఒక్కో అంచెకు ఎన్ని వారాలో రాయండి. రెండింటిలోనూ మొదటి గడికే అన్నీ ధారపోసినట్టు కనిపిస్తే, ఇంకా సమయం ఉంది. దిద్దుకోండి.